పెరిగే కాలికి చక్రాలు

మా ఊళ్లో స్కేటింగ్ రింకు కట్టడం పూర్తయిన రోజునే దానికి తాళం కూడా వేశారు.

తాళం వెయ్యడం మాత్రం ఘనంగా జరిగింది, ఆ మాట చెప్పుకోవాలి. సన్నాయి వచ్చింది, డోలు వచ్చింది. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన రిబ్బను కత్తిరించి లోపలికెళ్లి, అద్దంలా మెరుస్తున్న నేల చూసి ముచ్చటపడి, పక్కనున్న మునిసిపల్ కమిషనరు త్రిమూర్తులుగారి భుజమ్మీద చెయ్యి వేసి, "ఇంతకీ కొత్తగా నేర్చుకునే పిల్లలు చౌక స్కేట్లు కొనుక్కోవాలా, ఖరీదైనవా?" అని అడిగారు. ఊరికే అడిగారు. పెళ్లికెళ్లినవాళ్లు గాడిపొయ్యి దగ్గర నిలబడి, "పులుసులోకి ఇంగువ వేశావా?" అని వంటవాణ్ణి అడుగుతారే, అలాగ. జవాబు కోసం కాదు, వచ్చామని తెలియడం కోసం.

కమిషనరుగారికి జవాబు తెలియదు. "ఆ అంశం పరిశీలనలో ఉందండి" అన్నారు.

పరిశీలనలో ఉందని ఒకసారి నోటంట వచ్చాక ఆఫీసులో ఎవరో ఒకరు దాన్ని పరిశీలించాలి కదా. అది తేలేవరకూ ప్రారంభ దశలో ఉన్న బాలబాలికలెవరూ లోపల అడుగు పెట్టరాదని గేటుకి కాగితం అంటించి, దాని కింద అరచెయ్యంత తాళం వేశారు. స్కేటింగ్ బాగా వచ్చినవాళ్లు నిరభ్యంతరంగా వెళ్లొచ్చట. మా ఊళ్లో అలాంటివాళ్లు ఒక్కరూ లేరు. ఉంటే రింకు ఎందుకు కడతారు?

నా మనవరాలు మోక్షితకి ఈ సంగతులేవీ అక్కర్లేదు. నాలుగో తరగతి అయిపోయి వేసవి సెలవుల్లో ఉంది. బడి తెరిచేసరికి చక్రాల మీద నిలబడగలిగినవాళ్లనే బడి జట్టులోకి తీసుకుంటానని వాళ్ల డ్రిల్లు టీచరమ్మ చెప్పింది. అప్పట్నుంచీ పిల్లకి అన్నం సయించడం లేదు. వాళ్ల నాన్న మేజోళ్లు తొడుక్కుని వంటింటి గచ్చు మీద జారడం మొదలుపెట్టింది. ఓ రోజు జారి జారి బియ్యప్పిండి డబ్బాని గుద్దుకుని, విభూది పూసుకున్న సన్నాసిలా లేచి నిలబడి, "ఇదే బ్రేకు, నాన్నమ్మా" అంది. వాళ్లమ్మ అట్లకాడ పట్టుకుని వెంటపడితే నా కొంగు వెనక దాక్కుంది.

"నాన్నమ్మా, ఆ తాళం ఎప్పుడు తీస్తారే?"

"తాళవన్నాక తియ్యరా ఏంటి? ఉండు, నేనెళ్లి అడిగొస్తాను" అన్నాను.

మునిసిపాలిటీ ఆఫీసుకెళ్తే బంట్రోతు మేడ మీదికెళ్లమన్నాడు. మేడ మీద గదిలో బల్ల చుట్టూ నలుగురు కూర్చుని ఉన్నారు. ఒక కుర్చీ ఖాళీగా ఉంది. నాకు మోకాళ్లు పట్టేసి ముందు దాంట్లో కూలబడ్డాను. ఊపిరి తీసుకుని, వచ్చిన పని చెప్పబోయేలోగా అందరూ చప్పట్లు కొట్టారు.

"స్వాగతం మామ్మగారూ" అన్నారు కమిషనరుగారు. "ఈ సలహా సంఘంలో సామాన్య ప్రజల తరఫున ఒక వయోధిక మహిళ ఉండాలని నిబంధన. వారం నుంచీ మీ కోసమే చూస్తున్నాం."

"నా కోసవా? నేనొస్తానని నాకే తెలీదు కదండీ."

"మీరు అనగా మీరు కాదండి. మీ వంటివారు. తమరి పేరు?"

"పేరంటాలమ్మండి."

రాసేసుకున్నారు. కాఫీ వచ్చింది. పంచదార ఎక్కువైంది గానీ పొగలు కక్కుతూ బాగానే ఉంది. అలా నేను ప్రారంభకుల పాదచక్ర ఎంపిక సలహా సంఘంలో మెంబరునయ్యాను. మా ఆయన బతికున్న రోజుల్లో వార్డు మెంబరుగా నిలబడి, మా ఇంటిల్లిపాదీ వేసినా ఓడిపోయాడు. నేను కుర్చీలో కూలబడి గెలిచాను.

ముందుగా లెక్కల ఆఫీసరు గున్నేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు. ఆయన బక్కగా, పొడుగ్గా, కర్రకి చొక్కా తగిలించినట్టుంటారు. "కొత్తగా నేర్చుకునేవారిలో అత్యధికులు మధ్యలో మానేస్తారండి. మానేసేవారి చేత ఖరీదైనవి కొనిపించడం నిష్ఫల వ్యయం. కావున చౌకవే కొనాలి."

హెల్త్ ఆఫీసరు డాక్టరు విమలాదేవిగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సదరు వాదన తలకిందులుగా ఉంది. చౌకవి కొంటే పడతారు. పడితే మానేస్తారు. మానేసేవాళ్లు గనక చౌకవి కొనడం కాదు, చౌకవి కొన్నారు గనక మానేసేవాళ్లవుతారు. కావున ఖరీదైనవే."

ఇద్దరు చెప్పిందీ నిజమే. అందుకే ఎటూ తెగలేదు. అప్పుడు ఇంజనీరు శేషుబాబుగారు మధ్యే మార్గం చెప్పారు. "మనిషికి రెండు కాళ్లున్నాయి కదండీ. ఒక కాలికి చౌకది, ఒక కాలికి ఖరీదైంది తొడిగితే సగటు వచ్చేస్తుంది."

"ఒక కాలు జోరుగా, ఒక కాలు నెమ్మదిగా వెళ్తే పిల్ల ఉన్నచోటే గిరగిరా తిరగదాండీ?" అన్నాను.

"రింకు గుండ్రంగానే ఉంది కదండీ మామ్మగారూ" అన్నారాయన.

చివరికి సామాన్య ప్రజల అభిప్రాయం అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. "అయ్యా, దీనికింత ఆలోచనెందుకు? ముందు కాలికి సరిపడాలి. చక్రం పట్టేయకుండా తిరగాలి, మడమ దగ్గర బిగుతుగా ఉండాలి. ఆ మాత్రం ఉంటే తక్కువలోదే కొనివ్వండి, పడుతూ లేస్తూ నేర్చుకుంటారు. ఇష్టం నిలబడితే అప్పుడు మంచివి కొందురు గాని. మా వాడు అద్దె సైకిలు మీద నేర్చుకున్నాకే కదా వాళ్ల నాన్న సొంత సైకిలు కొన్నది."

కమిషనరుగారు కళ్లు మూసుకుని, తెరిచారు.

"చాలా విలువైన అభిప్రాయం మామ్మగారూ. కాకపోతే మరీ అర్థమయ్యేలా ఉంది. ఈ రూపంలో పైకి పంపలేం."

రెండో మీటింగులో కమిషనరుగారు కొత్త మాటతో వచ్చారు. రాత్రంతా ఆలోచించారట, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఖరీదైన వస్తువుని జీవితాంతం వాడితే అది చౌకే అవుతుంది కదా! కావున ఖరీదైనవి కొనాలి, జీవితాంతం వాడాలి. ఇద్దరి వాదనా నెగ్గినట్టే."

గున్నేశ్వరరావుగారూ విమలాదేవిగారూ ఒకరినొకరు చూసుకుని మొదటిసారి నవ్వుకున్నారు. నాకూ సంతోషమేసింది, తాళం తీస్తారు కదాని. లేవబోయాను. అంతలో ఇంజనీరుగారు పెన్సిలు చెవిలో తిప్పుకుంటూ, "పిల్లల పాదం పెరుగుద్ది కదండీ?" అన్నారు.

మళ్లీ కూర్చున్నాను.

పెద్ద చిక్కే వచ్చింది. స్కేటు జీవితాంతం ఉంటుంది గానీ పాదం ఏడాది తిరిగేసరికి మారిపోతుంది. పాదం పెరగకుండా ఉత్తర్వు ఇవ్వొచ్చేమో చూడమన్నారు కమిషనరుగారు. తన పరిధిలోకి రాదన్నారు హెల్త్ ఆఫీసరుగారు. ఎవరికీ ఏమీ తోచక కిటికీలోంచి కాలువ కేసి చూస్తూ కూర్చున్నారు. అలా చూస్తూ చూస్తూ ఇంజనీరుగారి మొహం మెత్తబడిపోయింది.

"మా అమ్మ నాకు బడి బూట్లు రెండు సైజులు పెద్దవి కొనేదండి. 'పెరిగే కాలురా' అనేది. ముందు వేళ్ల దగ్గర దూది కుక్కేది. కాలు పెరిగే కొద్దీ దూది తీసేసేది."

"మా అమ్మా అంతేనండి!" అన్నారు గున్నేశ్వరరావుగారు. "నేను నడుస్తుంటే టకటకమని గుర్రమొస్తోందనుకునేవారు."

"నాకు గౌన్లు మడిచి కుట్టేవారు. ఏటా ఒక మడత విప్పేవారు" అన్నారు విమలాదేవిగారు. ఆవిడ కళ్లజోడు తుడుచుకున్నారు. అద్దాలు తుడుచుకున్నారో, కళ్లు తుడుచుకున్నారో నాకు తెలియలేదు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? మా వాడు సూరిబాబుకి మూడో తరగతిలో నిక్కరు కుట్టించాను, ఏడో తరగతికి సరిపోయేలాగ. నాలుగేళ్లూ మొలతాడు మీదే నిలబెట్టాను. సరిగ్గా నడుముకి పట్టిన ఏడాది వెనకాల చిరిగిపోయింది. తెలుగునాట ఏ ఇంట చూసినా సరిపడా కొలతతో పెరిగిన పిల్లాడు ఒక్కడు కనపడడు. అందులో ఎవరూ చెడిపోలేదు కూడా.

"కానండీ," అన్నాను, "చెప్పు జారితే చేత పట్టుకుని నడిచొస్తాం. నిక్కరు జారితే పైకి లాక్కుంటాం. చక్రాలున్నది జారితే ఎలాగండీ? అది ఆగదు కదా!"

"మామ్మగారూ, ఇది మన తల్లుల విజ్ఞత. మీరే కాదంటే ఎలా?" అన్నారు కమిషనరుగారు. తల్లుల మాట ఎత్తాక నేనూ చెయ్యెత్తేశాను. ఏకగ్రీవంగా తీర్మానించారు. ప్రతి పిల్లకీ ఇప్పటి పాదానికి కాదు, పెరగడం ఆగిపోయాక ఏ పాదమైతే ఉంటుందో దానికి స్కేట్లు కొనాలి. దానికి తుది పాదమని పేరు పెట్టారు. మిగిలిన ఖాళీలో దూది కుక్కాలి.

తుది పాదం ఎంతుంటుందో తెలియాలంటే ఇంట్లో పెద్దవాళ్ల పాదాలు చూడాలట. మర్నాడు మధ్యాహ్నం ఇంజనీరుగారు టేపు పట్టుకుని మా ఇంటికొచ్చారు. మా సూరిబాబు మోటారు విడిభాగాల షాపు నుంచి అప్పుడే వచ్చి, పీట మీద కూర్చుని గోంగూర కలుపుకుంటున్నాడు.

"కొంచెం కాలు చాపండి."

"ఏంటండీ, భోంచేస్తుంటే?"

"చెయ్యి మీ పనిలో ఉండనివ్వండి. మాకు కాలే కావాలి."

వాడు ముద్ద నోట్లో పెట్టుకుని కాలు చాపాడు. "ఏంటమ్మా ఇది? పిల్లకి స్కేట్లంటే నా కాలు కొలుస్తాడేంటి?"

"నువ్వు నోరుమూసుకుని తిను. తాళం తీస్తారంట."

మోక్షిత గుమ్మంలో నిలబడి చూసింది. "నాన్న కాలు నాకొస్తుందా నాన్నమ్మా?" అని దిగులుగా అడిగింది. సూరిబాబు పాదం పొడుగ్గా, వెడల్పుగా, బొటనవేలు పక్కకి తిరిగి ఉంటుంది. వాళ్ల తాతదీ అంతే.

ఇంటింటికీ ఒక్కో సైజు వస్తే కొనుగోలు కష్టమన్నారు గున్నేశ్వరరావుగారు. ఊరు మొత్తానికి ఒకటే సైజు ఉండాలి. పెద్ద పాదానికి సరిపోయింది చిన్న పాదానికి దూదితో సరిపోతుంది గానీ, చిన్నదానికి సరిపోయింది పెద్దదానికి ఎలా సరిపోతుంది? అందుకని ఊళ్లోకల్లా పెద్ద పాదాన్ని వెతికారు. వెతకడానికేముంది, ఊరందరికీ తెలుసు. బియ్యం మిల్లులో బస్తాలు మోసే గంగయ్యది. అతను అరుగు కింద విడిచిన చెప్పులో పిల్లి పిల్లల్ని పెట్టిందని చెప్పుకుంటారు. అతన్ని జీపులో తీసుకొచ్చి కొలిచారు.

"నాకెందుకు బాబయ్యా ఇవి? నేను నడిస్తేనే నేల జారుద్ది" అన్నాడు గంగయ్య.

"మీకు కాదండి. పసిపిల్లలకి" అని దణ్ణం పెట్టి పంపేశారు.

సామాను దిగిన రోజు ఆఫీసు ముందు జనం మూగారు. అత్యంత ఖరీదైనవి, అన్నీ గంగయ్య సైజువి. ఒక్కొక్కటీ పసిపిల్లని పడుకోబెట్టొచ్చు, అంత ఉంది. వాటితోపాటు దూది బస్తాలు వచ్చాయి. ఊళ్లో పరుపుల కొట్టువాడి దగ్గరున్న దూదంతా ఎత్తుకొచ్చేస్తే, ముహూర్తాలు పెట్టుకున్న రెండు పెళ్లివారికి పరుపులు ఆగిపోయాయని అతను లబోదిబోమన్నాడు. వాళ్లకి బొంతలు సరిపెట్టుకోమని సలహా ఇచ్చారు కమిషనరుగారు, ఆట ప్రజాహితం కదాని.

నిపుణుల పర్యవేక్షణలో నింపాలి గనక ఇంజనీరుగారే రింకు గేటు దగ్గర నిలబడి కుక్కించారు. ప్రయోగానికి ముందుగా మా మోక్షితనే పిలిచారు, మెంబరుగారి మనవరాలు కదాని. అది ఉరుకుతూ వచ్చింది. కాలు పెడితే దిగలేదు. దూది కొంచెం తీశారు. ఇప్పుడు దిగింది గానీ మోకాలిదాకా పోయింది. మళ్లీ కుక్కారు. చివరికి రెండు కాళ్లూ రెండు దిండ్లలో గుచ్చినట్టు నిలబెట్టి, తాళ్లతో కట్టి, నలుగురు చేతులు పట్టుకున్నారు.

రింకు దగ్గరికి పై నుంచి ఒక తనిఖీ అధికారి వచ్చారు. గేటు తీశారు. ఆ తాళం తీసిన శబ్దం వినగానే మోక్షిత నా కేసి తిరిగి పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. "కానివ్వండి" అన్నారాయన. పిల్ల ముందుకి వంగింది. స్కేట్లు బయల్దేరాయి. పిల్ల బయల్దేరలేదు.

అది నిలబడ్డచోటే, తాళ్లు ఊడిపోయి, వట్టి కాళ్లతో, దూది మధ్యలో ఉండిపోయింది. స్కేట్లు రెండూ జంటగా, ఎంతో బుద్ధిగా, అద్దంలాంటి ఆ నేల మీద ఆ చివరిదాకా వెళ్లి, గోడని ముద్దు పెట్టుకుని ఆగాయి.

నేనైతే పాపం కమిషనరుగారు ఏమైపోతారో అనుకున్నాను. ఆయన అదర్లేదు, బెదర్లేదు.

"గమనించారా సార్? చక్రాల నాణ్యత! ఒక్క చిన్న తోపుకి అంతదూరం."

తనిఖీ అధికారి గడ్డం గీరుకున్నారు. "పిల్లకి దెబ్బ తగల్లేదు కూడా."

"తగల్దండి. ఈ విధానంలో తగిలే అవకాశమే లేదు."

"ఎన్నో ఊళ్లు చూశాను. ప్రతిచోటా పిల్లలు పడుతున్నారు, చేతులు విరుగుతున్నాయి, మాకు అర్జీలు. పిల్లలు అస్సలు పడని స్కేటింగ్ ఇక్కడే చూస్తున్నాను. ఇదే కొనసాగించండి" అని చెయ్యి కలిపి వెళ్లిపోయారు.

కొనసాగించమంటే కొనసాగించాలి. మూడో మీటింగులో కొత్త నియమం వచ్చింది. స్కేట్లు రింకులో తిరుగుతాయి, పిల్లలు గేటవతల ఉంటారు. పొద్దున్నా సాయంత్రం ఇద్దరు బంట్రోతులు లోపలికెళ్లి, ఒకడు ఈ గోడ దగ్గర నుంచి వదుల్తాడు, ఒకడు ఆ గోడ దగ్గర పట్టుకుంటాడు. పిల్లలు ఊచల్లోంచి చూసి నేర్చుకోవాలి. చూసినంతసేపూ చప్పట్లు కొట్టొచ్చు. తొందర్లోనే పోటీలు కూడా పెడతామన్నారు, ఎవరి స్కేటు ఎంతదూరం వెళ్తుందోనని.

మోక్షిత ఒక్క పూట చూసొచ్చింది. మంచం మీద బోర్లా పడుకుని తలగడలో మొహం పెట్టుకుంది.

"అది స్కేటింగ్ కాదు నాన్నమ్మా. చెప్పులు విసురుకోవడం. ఇంక నన్ను జట్టులోకి తీసుకోరు. బడి వచ్చే వారమే."

ఒకటే ఏడుపు. చిన్నప్పుడు జ్వరమొచ్చినా ఏడవని పిల్ల అది. ఆ సాయంత్రమే సూరిబాబుని సంతకి తరిమాను. బొమ్మలూ ప్లాస్టిక్ బకెట్లూ అమ్మే కొట్లోంచి తక్కువరకం స్కేట్ల జత తెచ్చాడు. పచ్చటి పట్టీలు, నల్ల చక్రాలు. పిల్ల కాలికి అతికినట్టు సరిపోయాయి. అడుగున ఒక మర ఉంది, దాన్ని తిప్పితే స్కేటు పొడుగవుతుంది. కాలు పెరిగితే అదీ పెరుగుతుందన్నమాట! నేను ఆ మర చూసి చాలాసేపు నవ్వుకున్నాను. మర్నాడు పట్టుకెళ్లి కమిషనరుగారికి చూపించాను కూడా.

ఆయన తిప్పి తిప్పి చూసి వెనక్కిచ్చేశారు. "పాదం పెరుగుతుందని తీర్మానించాం గానీ, స్కేటు పెరుగుతుందని మనం ఎక్కడా తీర్మానించలేదు మామ్మగారూ."

మా సందులో తిప్పుదామంటే కాలువ పైపుల కోసం తవ్వి పూడ్చకుండా వదిలేశారు. మునిసిపాలిటీదే లెండి ఆ పుణ్యం కూడా. రెండు చక్రాలు గుంటలో, రెండు గట్టు మీద. పిల్ల నా భుజం పట్టుకుని నిలబడగలదు గానీ కదల్లేదు. ఊరి మొత్తానికి నున్నటి నేల ఆ రింకులోనే ఉంది. ఇంకేం చెయ్యాలో తెలియక దేవుడికి దణ్ణం పెట్టుకుని కూర్చున్నాను.

దేవుడు విన్నాడో, దూదే విందో మరి. ఆ రెండు రోజుల్లో ఏమైందంటే, స్కేట్లు పరిగెత్తుతుంటే లోపలి దూది పైకి లేచి రింకంతా ఎగరడం మొదలెట్టింది. చక్రాల్లో చుట్టుకుంది. బంట్రోతులు తుమ్ములతో సెలవు పెట్టారు. లోపల బరువు లేకపోవడంతో స్కేట్లు బోర్లా పడుతున్నాయి. నాలుగో మీటింగు అత్యవసరంగా పిలిచారు.

ఇంజనీరుగారు నివేదిక చదివారు. "దూది పనికిరాదండి. ఖాళీ లేకుండా బిగుతుగా పట్టాలి. కొంచెం బరువుండాలి. ఎగరకూడదు. వంగే గుణం ఉండాలి. పడితే మళ్లీ దానంతటదే లేచే గుణముంటే మరీ మంచిది. అటువంటి నింపుడు సరుకు నమూనాలు ఎవరైనా తేవచ్చునని కోరుతున్నాం."

నేను చెయ్యెత్తాను. "మెంబర్లు తేవచ్చాండీ?"

"నిరభ్యంతరంగా. రేపు పొద్దున్న రింకు దగ్గర పరీక్ష."

పొద్దున్నే మోక్షితకి తల దువ్వి రెండు జడలేశాను. "ఎవరేవడిగినా నువ్వు పిల్లవని చెప్పకు" అన్నాను. "మరి ఎవరని చెప్పను?" అంది. "ఏం చెప్పకు. తిరుగు, అంతే."

గేటు దగ్గర కుర్చీలేసుకుని నలుగురూ కూర్చున్నారు. ఒకాయన కొబ్బరి పీచు తెచ్చాడు, ఒకాయన ఇసక సంచులు తెచ్చాడు. ఇసక కారిపోయింది, పీచు గుచ్చుకుంది. ఊళ్లో పిల్లలందరూ ఊచలు పట్టుకుని వేలాడుతున్నారు. నా వంతు వచ్చింది. మోక్షితని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నిలబెట్టాను. పచ్చటి పట్టీల స్కేట్లు తొడిగి ఉన్నాయి.

విమలాదేవిగారు లేచి నిలబడ్డారు. "మామ్మగారూ, ఇది పిల్ల! పిల్లలకి ప్రవేశం లేదు."

"పిల్లెక్కడండీ? నమూనా అండి. స్కేటులో ఉన్నదాన్ని చూడండి, పైన ఉన్నదాన్ని చూడకండి."

ఇంజనీరుగారు వంగి, స్కేటు అంచు దగ్గర బొటనవేలు దూర్చబోయారు. దూరలేదు. మడమ దగ్గర నొక్కారు. "ఖాళీ లేదండి" అన్నారు ఆశ్చర్యంగా. పట్టీ లాగి చూశారు. "బిగుతుగా ఉంది. బరువుంది. ఎగరదు." మోకాలి మీద తట్టారు. "వంగుతోంది కూడా."

"స్కేటు మరీ చిన్నది కాదూ?" అన్నారు కమిషనరుగారు.

"స్కేటు చిన్నదైతే నింపుడు తక్కువ పడుతుంది కదండీ" అన్నారు గున్నేశ్వరరావుగారు, పొదుపు కనపడితే ఆయన మొహం వెలుగుతుంది. "దూదికి ఏటా ఖర్చు. ఇది అన్నం మీదే నిలబడుతుందంటే, ఆ ఖర్చు వాళ్లింటివాళ్లది."

"కానీ పిల్ల..." అన్నారు విమలాదేవిగారు మళ్లీ.

కమిషనరుగారు ఆవిణ్ణి చేత్తో ఆపారు. "మేడం, పిల్ల అంటే రానివ్వకూడదు. నమూనా అంటే పరీక్షించక తప్పదు. మనమే తెమ్మన్నాం. కానివ్వండి."

వదిలాను. మోక్షిత రెండడుగులు వేసింది, చేతులు రెక్కల్లా చాపింది, ఊగింది, అరిచింది, కింద పడింది. మోకాలు గీరుకుని ఎర్రగా అయింది.

"నమూనాకి రక్తం వస్తోందేంటండీ?" అన్నారు గున్నేశ్వరరావుగారు.

"లేస్తుందేమో చూడండి" అన్నారు ఇంజనీరుగారు.

మోక్షిత లేచింది. మోకాలు ఊదుకుంది. ఈసారి తొందరపడకుండా, ఒక కాలు, తర్వాత ఒక కాలు. గోడ పట్టుకుని కొంత, వదిలేసి కొంత. మళ్లీ పడింది, మళ్లీ లేచింది. గుండ్రటి ఆ రింకులో సగం దాటేసరికి గోడ అక్కర్లేకపోయింది. మా ముందు నుంచి వెళ్తూ, "నాన్నమ్మా, చూడే! చూడే!" అని కేకేసింది. గేటవతల పిల్లలందరూ ఈలలు వేశారు.

"దానంతటదే లేచింది" అన్నారు ఇంజనీరుగారు, తన్మయంగా. "నేను రాసిన లక్షణాలన్నీ ఉన్నాయండి. పైగా మాట్లాడుతోంది."

విమలాదేవిగారు కొంగుతో కళ్లొత్తుకుని, సంచీలోంచి మందు తీసి పిల్ల కోసం పట్టుకుని నిలబడ్డారు.

కమిషనరుగారు కుర్చీలోంచి ముందుకి వంగారు. ఆయన మొహంలో పైకి పంపదగ్గ వాక్యం ఒకటి తయారవుతోంది. "మామ్మగారూ, సరుకు మేలైనదే. ఆమోదిస్తున్నాం. అయితే ఊరంతటికీ సరిపడా కావాలి. ఇటువంటిది ఇంకా ఎక్కడైనా దొరుకుతుందాండీ?"

"గేటవతలే ఉందండి, అన్ని సైజుల్లోనూ" అన్నాను. "కాకపోతే బయట ఎక్కువ రోజులు ఉంచితే పెరిగిపోద్ది. తొందరగా లోపలికి దించుకోండి."